ఎగతాళి హక్కు: పిట్టలదొర నుండి స్టాండప్ దాకా

మా బడి అన్నోజిగూడలో ఉంది. ఉప్పల్ నుండి వరంగల్ రోడ్డు మీద ఘట్‌కేసర్ వైపు వెళుతుంటే తగిలే ఊరు. ఒకప్పుడు పొలాల మధ్య పల్లె. ఇవాళ పక్కన పోచారంలో ఇన్ఫోసిస్ ప్రాంగణం, రోడ్డుకు రెండు వైపులా ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు. కిందటేడు బడి వార్షికోత్సవానికి పిల్లల్ని నవ్వించటానికి ఒక పిట్టలదొరను పిలిపించాం. ఖాకీ బట్టలు, చిరిగిన టోపీ, భుజాన కట్టె తుపాకి. వస్తూనే, "ఈ బడి నేనే కట్టించిన. గోడలు కట్టుడు యాది మరిచిన, గందుకే మీరు చెట్టు కింద కూసున్నరు" అన్నాడు. పిల్లలు ఘొల్లుమన్నారు. "మీ ఊరి చెరువు గూడ నాదే. సగం అమ్మిన, సగం పూడ్చిన, మిగిలిన సగంల చేపలు పడుతున్న" అన్నాడు. ఈసారి పెద్దవాళ్లూ నవ్వారు. ముందు వరసలో అతిథిగా కూర్చున్న ప్లాట్ల వ్యాపారి మాత్రం నవ్వలేదు. కాసేపటికి జేబులోంచి వంద రూపాయల నోటు తీసి, "ఇగ చాలు, పో" అన్నాడు. దొర టోపీ తీసి, వంగి దండం పెట్టి, నోటు పుచ్చుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం పదో తరగతి కుర్రవాడొకడు "ఇది కూడా స్టాండప్ కామెడీయే కద సార్?" అని అడిగాడు. పక్కనున్న సహోపాధ్యాయుడు నా బదులు జవాబిచ్చాడు. "అది అమెరికా నుండి వచ్చింది. ఇది అడుక్కునేవాళ్ల విద్య" అన్నాడు. ఈ వ్యాసానికి ఆ రెండు మాటలే ప్రేరణ. ఒక్క మనిషి జనం ముందు నిలబడి, ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ, ఆచారాలనూ అధికారాలనూ ఎగతాళి చేసే విద్య తెలుగునాట కొత్తది కాదు. కొత్తదల్లా మైకు, టిక్కెట్టు. అయితే ఆ విద్యకు చరిత్ర ఉందని చెప్పుకుని గర్వపడితే సరిపోదు. నవ్వించేవాడికి ఆ మాట అనే హక్కు ఎవరిచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు, ఏ క్షణాన వెనక్కు తీసుకున్నారు అన్నది అసలు ప్రశ్న. మన విమర్శ కరుణ రసానికీ వీర రసానికీ ఇచ్చిన పీట హాస్యానికి ఇవ్వలేదు గనుక ఈ ప్రశ్నను మనం పెద్దగా వేసుకోలేదు.

ముందుగా ఒక పాత ఉదంతం. మాచుపల్లి కైఫీయతు చెప్పే ప్రకారం పదహారవ శతాబ్ది ఆరంభంలో కూచిపూడి భాగవతులు సిద్ధవటం సీమ మీదుగా విజయనగరం వెళ్లారు. ఆ సీమను ఏలుతున్న సంబెట గురవరాజు ఆడవాళ్లను హింసించి సొమ్ము గుంజటం వాళ్లు దారిలో చూశారు. వీరనరసింహరాయల కొలువులో ఆట కట్టినప్పుడు ఒకడు గురవరాజు వేషం, ఇద్దరు భటుల వేషం, ఒకడు ఆడవేషం వేసి, చూసినదంతా చూసినట్టు ఆడారు. రాయలు విచారించి, దండు పంపి గురవరాజును శిక్షించాడు. కళాకారుల ధైర్యానికి తార్కాణంగా ఈ కథను మనం చెప్పుకుంటూ వచ్చాం. ధైర్యం నిజమే. కాని ఇందులో గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. సామంతుణ్ణి వెక్కిరించింది రాజు ముందు. రాజుకు ఆ సామంతుణ్ణి అణచవలసిన అవసరం ఉండబట్టే ఆ ఆట సాక్ష్యం అయింది. రాయలనే అనుకరించి ఉంటే ఆ మేళం తిరిగి కూచిపూడి చేరేదా అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న. భూస్వామ్య సమాజంలో ఎగతాళి హక్కు పైవాడు ఇచ్చేది. అది కిందివాడి మీదికి, పక్కవాడి మీదికి మాత్రమే చెల్లుతుంది.

కొలువు నుండి ఊరి నడుమకు వస్తే పరిస్థితి కొంత మారుతుంది. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ యుద్ధం చేస్తూండగా మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి వస్తారు. రామాయణంతో వాళ్లకు పని లేదు. మొగుడూ పెళ్లాల తగవు, ఊళ్లో పెద్దమనిషి గుట్టు, అప్పటికప్పుడు ప్రేక్షకుల్లో కనిపించినవాడి మీద విసురు, ఇవీ వాళ్ల సరుకు. పగటివేషాలవాళ్లు రకరకాల కులాల, వృత్తుల, మతాల మనుషుల్ని నడివీధిలో ఆడి చూపేవారు. ఇక పిట్టలదొర. తుపాకి రాముడనీ, లత్కోర్ సాబ్ అనీ పిలిచే ఈ వేషం పూర్తిగా అధికారం బట్టలతోనే కుట్టినది. ఖాకీ, టోపీ, తుపాకి మూడూ దొరతనపు గుర్తులే. అవి వేసుకున్నవాడు మాత్రం తిండికి లేనివాడు. తనకు లేని భూముల గురించీ, వేటాడని పులుల గురించీ వాడు కోతలు కోస్తుంటే, జనం నవ్వేది వాడి లేమిని చూసి మాత్రమే కాదు. నిజమైన దొర కోసే కోతలు కూడా ఇంతే గదా అని వాళ్లకు లోపల తోస్తుంది. ఈ వేషంలోని విమర్శ మాటల్లో కంటే బట్టల్లో ఎక్కువ ఉంది.

మరి దొరలు ఎందుకు ఊరుకున్నారు? వాడు బిచ్చగాడు కాబట్టి. ఆట అయ్యాక వాడే వచ్చి గడపలో చేయి చాస్తాడు. దానం పుచ్చుకునేవాడి మాటకు బరువు లేదని ఇద్దరికీ తెలుసు. ఆ బరువు లేకపోవటమే వాడికి రక్ష. ఒక్క పూట లోకాన్ని తలకిందులు చెయ్యటానికి ఒప్పుకున్న సమాజం మర్నాడు వాణ్ణి ఊరి బయట ఉంచటానికి ఏమాత్రం జంకలేదు. దీన్ని దానం ఇచ్చిన హక్కు అందాం.

ఇక్కడ జానపద కళల మీది అభిమానంతో మనం ఒక నిజాన్ని దాచకూడదు. ఈ నవ్వు ఎప్పుడూ పైకే గురిపెట్టలేదు. నత్తివాడి మీద, గూనివాడి మీద, ఆడదాని నడక మీద, తక్కువ కులమని పేరుపడ్డవారి పలుకుబడి మీద పడి నవ్వించటం ఈ సంప్రదాయంలో పుష్కలంగా ఉంది. బంగారక్క మాట్లాడే బూతు చాలావరకు మగవాడు రాసి మగవాడు విన్నది. ప్రజాకళ అయినంత మాత్రాన ప్రతి నవ్వూ ప్రజల పక్షాన ఉండదు.

శిష్టవర్గం కూడా ఎగతాళికి ఒక కుర్చీ వేసింది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి పని అదే. అవధాని ఏకాగ్రతను చెడగొట్టటానికి సంబంధం లేని ప్రశ్నలు, కొంటె మాటలు విసురుతాడు. ఇప్పటి స్టాండప్ వేదికల్లో ప్రేక్షకుల నుండి అడ్డుమాట వస్తే దానికి హాస్యగాడు అప్పటికప్పుడు జవాబు చెప్పటం గొప్ప నేర్పుగా చూస్తారు. మనవాళ్లు ఆ అడ్డుమాటకు ఏకంగా ఒక పృచ్ఛకుణ్ణే నియమించారు. అయితే అక్కడి కొంటెతనం పద్యవిద్య చుట్టూ గీసిన గిరి దాటదు.

పందొమ్మిదో శతాబ్ది చివరి పాదంలో ఈ నవ్వుకు కర్త దొరికాడు. అంతవరకు ఎవరిదీ కాని మాట ఒక రచయిత పేరు మీద అచ్చులోకీ రంగస్థలం మీదికీ వచ్చింది. కందుకూరి వీరేశలింగం 'వ్యవహార ధర్మబోధిని' 1880లో రాజమహేంద్రవరంలో ప్రదర్శితమైంది. ప్లీడర్ల మోసాలను వాడుక మాటల్లో ఎండగట్టిన రచన అది. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయింది. పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి' వ్యాసాల్లో జంఘాలశాస్త్రి సభలో లేచి నిలబడి ఏకధాటిగా ఉపన్యసిస్తాడు. అడిసన్ 'స్పెక్టేటర్' నుండి ప్రేరణ పొందిన ఆ వ్యాసాలను చదివేకంటే వింటేనే ఎక్కువ రుచి. ఒక్కడు నిలబడి సంఘాన్ని ఉతికి ఆరేసే ప్రక్రియకు తెలుగు వచనంలో అది బలమైన నమూనా. వీళ్లందరూ ముఖ్యంగా తమ వర్గాన్నే, అంటే చదువుకున్న మధ్యతరగతినే వెక్కిరించారు. బిచ్చగాడికి లేని బరువు వాళ్ల మాటకు ఉంది. అంచేత వాళ్లకు శత్రువులూ ఏర్పడ్డారు.

బరువున్న నవ్వును ప్రభుత్వం ఎట్లా చూస్తుందో అప్పటికే కలకత్తాలో తేలిపోయింది. 1876 ఆరంభంలో వేల్స్ యువరాజును తన ఇంటి ఆడవాళ్ల మధ్యకు తీసుకెళ్లి మర్యాద చేసిన జగదానంద ముఖర్జీ అనే వకీలు మీద గ్రేట్ నేషనల్ థియేటర్ వారు ఒక ప్రహసనం ఆడారు. పోలీసులు ఆపించారు. అప్పటి పోలీసు కమిషనరు పేరు హాగ్, సూపరింటెండెంటు పేరు లాంబ్. ఆ రెండు ఇంటిపేర్లకూ ఇంగ్లీషులో పంది, గొర్రెపిల్ల అని అర్థాలు రావటం నటులకు కలిసివచ్చింది. వెంటనే పందీ గొర్రెల పోలీసు మీద ఇంకో ప్రహసనం కట్టారు. ప్రభుత్వం నటుల్ని అరెస్టు చేసి, ముందు ఆర్డినెన్సు, ఆ ఏడాది చివరకు నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. దేశంలో నాటకం గొంతు మీద దశాబ్దాల పాటు కాలు వేసిన ఆ చట్టం పుట్టింది ఏ విప్లవ నాటకం వల్లా కాదు, ఒక వెకిలి ప్రహసనం వల్ల. నవ్వు చిన్న విషయమని పాలకులు ఎన్నడూ భ్రమపడలేదు. ఆ భ్రమ విమర్శకులదే.

1943లో అభ్యుదయ రచయితల సంఘమూ, ప్రజానాట్యమండలీ ఏర్పడ్డాక తెలుగు ఎగతాళి చరిత్రలో నిజమైన మలుపు వచ్చింది. జంగాలు చెప్పే తందాన కథను బుర్రకథగా మలచి, ఉద్యమం దానికి కొత్త పని అప్పగించింది. నడుమ కథకుడు, కుడివైపు రాజకీయం, ఎడమవైపు హాస్యం. ఈ అమరికను మనం అలవాటుగా చెప్పుకుపోతాం గాని, ఇందులో ఉన్న ఆలోచన గొప్పది. కథకుడు చెబుతున్నది అర్థం కాని సామాన్యుడి స్థానంలో హాస్యగాడు నిలబడి, తెలివితక్కువ ప్రశ్నలు వేస్తాడు. ఆ ప్రశ్న వల్లనే రాజకీయం చెప్పేవాడికి జవాబు చెప్పే అవకాశం వస్తుంది. కేతిగాడు రామాయణానికి సంబంధం లేనివాడు. బుర్రకథ హాస్యగాడు కథకు కీలకమైనవాడు. ఆకలి గురించీ, జమీందారు గురించీ, రజాకారు గురించీ చెబుతున్నప్పుడు జనాన్ని ఏడుపులో మునిగిపోకుండా నిలబెట్టింది వాడు.

షేక్ నాజర్ జీవితం ఈ మలుపుకు నిదర్శనం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన ఆయన 'పల్నాటి యుద్ధం', 'అల్లూరి సీతారామరాజు' వంటి కథలతో పాటు బెంగాలు కరువును కూడా కథగా చెప్పాడు. మోటూరి ఉదయం నడిపిన మహిళా బుర్రకథ దళం ఇంకో అడుగు ముందుకు వేసింది. వేదిక మీద ఆడవేషం వేసిన మగవాడు నవ్వించే కాలంలో, స్త్రీలే డక్కీ పట్టుకుని రాజకీయమూ హాస్యమూ చెప్పారు. బంగారక్క నోటికి మొదటిసారి తన సొంత మాట వచ్చింది. అడుక్కునేవాడి నవ్వులాగా ఈ నవ్వును చిల్లర వేసి పంపెయ్యటం కుదరలేదు. అందుకే నిషేధాలు, అరెస్టులు, దాడులు వచ్చాయి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల 'మాభూమి' నాటకం మీద మద్రాసు ప్రభుత్వం వేటు వెయ్యటం అందరికీ తెలిసిందే. దీన్ని ఉద్యమం ఇచ్చిన హక్కు అందాం. దాన్ని నిలబెట్టింది వేలాది శ్రోతల కూడిక.

ఆ కూడిక చెదిరాక ఏమైంది? కుటుంబ నియంత్రణ మొదలు పొదుపు దాకా సర్కారు పథకాలకు బుర్రకథ ప్రచార సాధనం అయింది. హాస్యగాడు ప్రశ్నలు మానేసి పథకం పేరు ఒప్పజెప్పటం మొదలుపెట్టాడు. పిట్టలదొర గతీ అంతే. తెలంగాణ ఉద్యమంలో 2002 నుండి సాగిన ధూంధాం వేదికల మీద వాడు మళ్లీ పదునెక్కాడు, తర్వాత ప్రభుత్వ ప్రచార వేదికలెక్కాడు. కళారూపం మిగిలి, హక్కు పోవటం అంటే ఇదే.

మన నగరంలోనే జరిగిన మరో ప్రయోగాన్ని తెలుగు రచయితలు చాలాకాలం పక్కింటి పెళ్లిలాగా చూశారు. హైదరాబాదులో 1962లో 'జిందా దిలానె హైదరాబాద్' అనే హాస్యరచయితల సంఘం ఏర్పడింది. 1968 నుండి ముస్తఫా కమాల్ సంపాదకత్వంలో 'షుగూఫా' అనే హాస్య పత్రిక ఉర్దూలో నడిచింది. వాళ్ల హాస్య ముషాయిరాల్లో దక్కనీ మాటకు పట్టం కట్టారు. లక్నో, ఢిల్లీ వాళ్లు మోటు అని నవ్విన దక్కనీతోనే వాళ్లు ఎదుటివాళ్లను నవ్వించారు. నవ్వులపాలైన భాష నవ్వే భాషగా మారటం చిన్న సంగతి కాదు. తెలంగాణ మాటకు కూడా ఇదే జరిగింది. మన సినిమాలో దశాబ్దాలపాటు అది రౌడీకీ, పనివాడికీ, విదూషకుడికీ కేటాయించిన భాష. టీవీలో తీన్మార్ వార్తల బిత్తిరి సత్తి వంటి పాత్రలు వచ్చాక అదే మాట కథ చెప్పే స్థానానికి వచ్చింది. ఆ పాత్ర వేసిన నటుడే 2019లో 'తుపాకి రాముడు' అనే సినిమాలో నటించాడు. పిట్టలదొర పేరే అది.

ముజ్తబా హుస్సేన్ ఆ ఉర్దూ హాస్య సంప్రదాయంలో పెద్ద పేరు. 1962లో 'సియాసత్' పత్రికలో హాస్యశీర్షిక మొదలుపెట్టి, 2007లో పద్మశ్రీ అందుకున్నాడు. 2019 డిసెంబరులో దేశ పరిస్థితికి నిరసనగా ఆ బిరుదును వెనక్కి ఇస్తున్నానని ప్రకటించాడు. మరుసటి ఏడాది కన్నుమూశాడు. జీవితమంతా నవ్వించినవాడు ఇక నవ్వలేనన్న రోజు కూడా హాస్యచరిత్రలో భాగమే.

ఇప్పుడు స్టాండప్‌కు వద్దాం. అమెరికాలో లెనీ బ్రూస్ అనే హాస్యగాడు 1964లో అశ్లీల భాషణ నేరం మీద శిక్షపడి, 1966లో చనిపోయాడు. న్యూయార్కు గవర్నరు 2003లో క్షమాభిక్ష ప్రకటించాడు. ఇటలీలో దారియో ఫో 1969లో 'మిస్తెరో బుఫ్ఫో' అనే ఏకపాత్ర ప్రదర్శనలో మధ్యయుగాల వీధి విదూషకుణ్ణి తిరిగి బతికించాడు. 1997లో ఆయనకు నోబెల్ బహుమానం ఇస్తూ, అధికారాన్ని కొరడాతో కొట్టి అణగారినవారి గౌరవాన్ని నిలిపిన ఆ విదూషకుల వారసుడని మెచ్చుకున్నారు. అంటే ఇటలీ తన పిట్టలదొరను ప్రపంచ సాహిత్యంలో కూర్చోబెట్టుకుంది. మనం వందరూపాయలిచ్చి పంపించాం.

మన పట్నంలో స్టాండప్ ఎక్కువగా పడమటి దిక్కున, మాదాపూర్, గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ వైపు వేళ్లూనింది. టిక్కెట్టు కొనగలిగిన కుర్రవాళ్లే శ్రోతలు. ఎంసెట్ కోచింగులు, అమెరికా వీసాలు, పెళ్లిచూపులు, అమ్మా నాన్నల మూఢనమ్మకాలు, ఆఫీసు మేనేజరు, ఇవీ తరచుగా వినిపించే విషయాలు. వాటిని తేలిగ్గా తీసెయ్యలేం. పెళ్లి, చదువు, ఉద్యోగం అనే మూడు దేవుళ్ల మీద ఇంత నిర్భయంగా మాట్లాడిన తరం అంతకుముందు లేదు. కాని కులం దగ్గరకు వచ్చేసరికి ఆ గొంతు తరచు తగ్గుతుంది, లేదా రిజర్వేషన్ల మీద చవకబారు విసురుగా మారుతుంది. ఈ లోటును పూరిస్తూ ఈ దశాబ్దిలో 'బ్లూ మెటీరియల్' పేరుతో దళిత యువ హాస్యకారులు కలిసి ప్రదర్శనలు ఇవ్వటం గమనార్హం. పగటివేషగాడు ఆడి చూపిన కులాల మనుషులే ఇప్పుడు మైకు తీసుకుని, ఆడించినవాళ్లను ఆడి చూపుతున్నారు.

టిక్కెట్టు ఇచ్చిన హక్కు ఎంత పల్చనిదో కూడా చూశాం. మునవ్వర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇండోర్‌లో అరెస్టు చేశారు. అతను చెప్పబోతున్నాడని ఆరోపించిన మాటల మీద కేసు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు తాత్కాలిక బెయిలిచ్చే దాకా నెలకు పైగా జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత అనేక నగరాల్లో అతని ప్రదర్శనలు రద్దయ్యాయి. హైదరాబాదులో శిల్పకళావేదికలో 2022 ఆగస్టు 20న జరిగింది గాని, అడ్డుకుంటానన్న ఒక శాసనసభ్యుణ్ణి ముందే అదుపులోకి తీసుకుని, భారీ పోలీసు బందోబస్తు నడుమ జరిగింది. 2025 మార్చిలో కునాల్ కామ్రా పాడిన ఒక పేరడీకి కోపం వచ్చి, ముంబాయిలో ఆ ప్రదర్శన రికార్డు చేసిన వేదికను గుంపు ధ్వంసం చేసింది. 1876 నాటి చట్టం 2018 ఆరంభంలో రద్దయింది. అయితే 1927లో శిక్షాస్మృతిలో చేర్చిన 295ఏ సెక్షన్, మతభావాలను గాయపరచటం అనే నేరం, 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 299వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. పైగా ఇప్పుడు చట్టం కంటే ముందు గుంపు వస్తున్నది. ఇదే జనవరి 1న, 1989లో, ఢిల్లీ పక్కన ఝండాపూర్‌లో వీధినాటకం ఆడుతూ సఫ్దర్ హష్మీ దాడికి గురై మర్నాడు మరణించాడన్నది మనం మరిచిపోలేని సంగతి.

సఫ్దర్ వెనక ఒక ఉద్యమం ఉంది. అతను పోయిన రెండు రోజులకు సహచరులు అదే చోట ఆగిన నాటకాన్ని పూర్తిచేశారు. మైకు ముందు ఒంటరిగా నిలబడినవాడి వెనక ఎవరున్నారు? టిక్కెట్టు కొన్నవాడు ప్రదర్శన రద్దయితే డబ్బు వాపసు తీసుకుని ఇంటికి పోతాడు. దానం ఇచ్చిన హక్కును దాత వెనక్కి తీసుకున్నట్టే, బజారు ఇచ్చిన హక్కును బజారు వెనక్కి తీసుకుంటుంది. తేడా నోటు విలువలో మాత్రమే.

అందుచేత అభ్యుదయ విమర్శకులుగా మన ముందు రెండు పనులున్నాయని నా అభిప్రాయం. ఇవి ఒకదానికొకటి అడ్డుగా తోచవచ్చు. మొదటిది, నవ్వును నిర్దయగా విమర్శించటం. ఈ మాట ఎవరి భుజం మీద నిలబడి అన్నాడు, ఎవరి వీపు మీద పడింది అని అడగటం. ఆడవాళ్ల మీద, వికలాంగుల మీద, కులాల మీద పడి బతికే హాస్యాన్ని 'సరదా' అని వదిలెయ్యకుండా పేరు పెట్టి చెప్పటం. రెండవది, ఆ నవ్వు మనకు నచ్చకపోయినా పోలీసూ గుంపూ దాని గొంతు పట్టుకున్నప్పుడు దాని పక్కన నిలబడటం. చెడ్డ హాస్యానికి జవాబు విమర్శ. జైలు కాదు. ఈ రెండో పని చెయ్యనివాడికి మొదటి పని చేసే అర్హత ఉండదు. 1876లో కలకత్తాలో ఆడింది గొప్ప నాటకమేం కాదు. దాన్ని అణచటానికి తెచ్చిన చట్టమే తర్వాత మంచి నాటకాల మీదికీ వచ్చింది.

మా కుర్రవాడి ప్రశ్నకు ఆ రోజు నేను జవాబివ్వలేదు. ఈ ఏడు వార్షికోత్సవానికి మళ్లీ ఆ పిట్టలదొరనే పిలుద్దామని ఉపాధ్యాయుల సమావేశంలో ప్రతిపాదించాను. డబ్బు ముందే, కవరులో, మిగతా కళాకారులకు ఇచ్చినట్టే ఇద్దామనీ, ఆయన తానుగా దిగేదాకా ఎవరూ దింపకూడదనీ చెప్పాను. సహోపాధ్యాయుడు నవ్వి, "మరి మన మీదే మొదలుపెడితే?" అన్నాడు. మొదలుపెట్టనిద్దాం అన్నాను.